రెండూళ్ళ గుండిగ

హోటలమ్మ పోయింది. మొన్నామధ్య పొద్దున్నే మా అన్న ఫోన్ చేసి, "చెల్లే, హోటలమ్మ పోయింది" అన్నాడు. ఇంకో మాట రాలేదు. మైకు దొరికితే వదలని మనిషి మా అన్న. ఆయనకే మాట పెగల్లేదంటే మా వీధికి ఎంత పెద్ద దిక్కు పోయిందో మీరే అనుకోండి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే, మీలో చాలామంది ఆమె చేతి అన్నం తినే ఉంటారు. మీకూ కబురు చేరాలని రాస్తున్నాను.

ఆమె హోటల్ పేరు 'సాగర తీరం, భీమిలి'. బోర్డుకు ఎదురుగా బస్సులు, ఆటోలు, కోచింగ్ సెంటర్ల పోస్టర్లు తప్ప తీరమేమీ లేదు. పక్కనే మా నాన్న టైలరింగ్ షాపు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ "అమ్మా, మరి సముద్రమేడున్నది?" అని అడిగేవాడు. ఆమె గరిటె ఆపకుండా, "సరూర్‌నగర్ చెరువుంది కదా బాబూ, ప్రస్తుతానికి దాంతో సర్దుకో. చారు చల్లారిపోతాది, తినీ" అనేది.

నిజం సముద్రం పక్కన ఆమె సగం జీవితం గడిచింది. భీమిలి బీచ్ రోడ్డులో భార్యాభర్తలిద్దరూ హోటల్ నడిపారు. కింద భోజనాలు, పైన కిటికీ తెరిస్తే అలలు కనిపించే గదులు. ఆదివారం వస్తే విశాఖ నుంచి కుటుంబాలు దిగి, చేపల పులుసు కోసం వరండాలో నిలబడేవట. తర్వాత ఒక గాలివానకు పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. ఆ దిగులు తీరకముందే భర్త పోయాడు. ఈలోగా చుట్టూ పెద్ద పెద్ద రిసార్టులు లేచాయి. "సముద్రం పక్కనే నీళ్ళ తొట్టి కట్టుకుని అందులో ఈదుతారమ్మా! ఇంక మా గదులెవడికి కావాల?" అని నవ్వేది. ఆ నవ్వులో ఏడుపు ఎక్కడుందో నాకు ఎన్నడూ దొరకలేదు.

హోటల్ అమ్మేసి, బోర్డూ వంటపాత్రలూ మాత్రం లారీకెక్కించుకుని ఇక్కడికి వచ్చింది. ప్రతి గుండిగ మీదా చుక్కల అక్షరాలతో 'సాగర తీరం, భీమిలి' అని చెక్కించి ఉండేది. మన ఇళ్ళలో గ్లాసు కొన్నా పేరు చెక్కించనిదే వాడం కదా, అలాగే.

ఆమెకు మనుషుల పేర్లు గుర్తుండవు. అందుకే ఎవరు వచ్చి కూర్చున్నా ముందు ఊరడిగేది. ఊరు చెప్పాకే పప్పు పడేది. ఇక ఆ పిల్లవాడు జీవితాంతం ఆ ఊరే. "ఏటి సూర్యాపేటా, చిక్కిపోయావు", "తునీ, నీ జ్వరం తగ్గిందేటి" అని పలకరించేది. పరీక్ష పోయినవాడికి రెండు అప్పడాలు వేసేది, పాసైనవాడికి ఒకటే. ఇదేం న్యాయమని అడిగితే, "పాసయినోడికి సంతోషముంది కదమ్మా, ఇంక అప్పడమెందుకు?" అంది. మా అన్న కూడా రెండో అప్పడం కోసం డిగ్రీలో ఒకసారి తప్పానని అబద్ధం చెప్పాడు.

ఉద్యమం రోజులొచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎక్కడ చూసినా ర్యాలీలు, బంద్‌లు. బస్సు కండక్టరైన మా అన్న సమ్మెలోకి దిగి, మా వీధి కమిటీకి పెద్ద అయ్యాడు. పొద్దున ఆమె దగ్గరే ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, "అమ్మా, ఇగ జర షటర్ దించు. బంద్" అనేవాడు. "నువ్వు తినీసావు కదా, ఇంక బందే" అంటూ ఆమె దించేది. వెనక తలుపు మాత్రం తీసే ఉంచేది. బంద్ నాడు హాస్టళ్ళలో పొయ్యి వెలగదని తెలుసు. సూర్యాపేట, తుని, గుంటూరు వాదించుకుంటూ వచ్చి ఒకే బల్ల దగ్గర కూర్చునేవి. గొంతులు లేస్తే, "అన్నం ముందర నోరు తినడానికే" అని మజ్జిగ పోసేది.

ఆ రోజుల్లోనే భీమిలి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ మీద ఫోన్ చేసేవాడు. వచ్చెయ్యమని, అక్కడ నిన్నెవరు ఉండనిస్తారని, కనీసం ఆ బోర్డయినా తీసెయ్యమని. మా నాన్న కూడా మంచి కోరే, "బోర్డు మీదికెల్లి ఊరు పేరొక్కటి చెరిపేయరాదమ్మా" అన్నాడు. ఆమె మా షాపు వైపు చూసింది. మా బోర్డు మీద 'నల్గొండ టైలర్స్' అని ఉంది. "మీ నల్గొండ చెరిపీమంటే చెరిపీస్తారేటి అన్నగారూ?" అంది. మా నాన్న తిరిగొచ్చి మిషన్ దగ్గర కూర్చుని, "ఈమె గూడ మనసొంటిదే" అన్నాడు.

ఒకరోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు అన్నారు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, బండ్లు కదలకుండా చేసే నిరసన అది. పిలుపైతే ఇచ్చారు గానీ, పెద్ద పాత్రలు కిరాయికిచ్చే దుకాణాలన్నీ బంద్‌లో మూసి ఉన్నాయి. తాము చేయించిన బంద్‌లో తామే ఇరుక్కున్నారు. మా అన్న తల గోక్కుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నీ పెద్ద గంజులు ఇస్తవా?"

ఇస్తే పుట్టింటివాళ్ళకు ముఖం ఎలా చూపించాలి? ఇవ్వకపోతే ఈ వీధికి ముఖం ఎలా చూపించాలి? నేను పక్కనే ఉన్నాను, ఆమె వేళ్ళు కొంగును మడుస్తూనే ఉన్నాయి. చివరికి, "ఎంతమందికి?" అంది.

"ఎంతమందొస్తరో ఎవలకెరుక."

"అయితే నానూ వస్తాను. నా గుండిగలు మాడగొట్టీగలరు."

చౌరస్తాలో గుండిగలు దించుతుంటే కమిటీలో ఒకాయన అక్షరాలు చూశాడు. "ఏందన్నా, మన వంటావార్పుకు భీమిలి గంజులా? టీవీలోల్లొస్తరు. పేరు ఆ దిక్కు తిప్పుండ్రి" అన్నాడు.

ఆమె గుండిగ అంచు మీద చెయ్యి వేసింది. "తిప్పితే పట్టుకెళ్ళిపోతాను బాబూ. నీ ఊరు కోసం నువ్వు రోడ్డెక్కావు కదా. మరి నా ఊరెందుకు దాచమంటావు?"

అందరూ మా అన్న వైపు చూశారు. ఆయన వచ్చి గుండిగకు రెండో వైపు చెయ్యి వేసి, "అమ్మ చెప్పింది కరెక్టే. పేరు ఇట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. మా అన్న ఎన్నో ఉపన్యాసాలిచ్చాడు. నాకు గర్వమనిపించింది మాత్రం ఆ ఒక్క మాటకే.

రాళ్ళు పేర్చి మంట పెట్టారు. కాసేపటికి కింద తారు మెత్తబడి ఒక రాయి దిగబడింది, గుండిగ ఒరిగింది. "తారు మీద పొయ్యేటి నాయనా! ఇసకెయ్యండి, ఇసక!" అని ఆమె అరిచింది. పక్కన కడుతున్న ఇంటి ముందు కుప్పలోంచి ఇసుక మోసుకొచ్చి మందంగా పరిచారు. పొయ్యి నిలబడింది. "మా బీచీ ఇక్కడికే వచ్చీసినాది" అని ఆమె నవ్వితే చౌరస్తా అంతా నవ్వింది, అభ్యంతరం చెప్పినాయనతో సహా. ఆయనే రెండుసార్లు పెట్టించుకున్నాడు కూడా. సాయంత్రం టీవీలో గుండిగ, పేరు కనిపించాయి. తమ్ముడు ఫోన్ చేసి మండిపడ్డాడు. "అన్నం వండానురా, ఆకలేసినోళ్ళకి" అని పెట్టేసింది.

రాష్ట్రం వచ్చింది. వీధంతా రంగులు చల్లుకున్నాం. ఇక ఆమె వెళ్ళిపోతుందేమోనని మా అన్నకు బెంగ. అడగలేక నాతో అడిగించాడు. మర్నాడు ఆమె మలక్‌పేట స్టీలు సామాన్ల షాపు నుంచి పేర్లు చెక్కే ఆయనను పిలిపించి, పెద్ద గుండిగను పక్కకు పడుకోబెట్టించింది. 'భీమిలి' కింద ఇంకో వరుస చెక్కించింది: 'దిల్‌సుఖ్‌నగర్'. మా అన్న కళ్ళు తుడుచుకుంటూ, పొగ అన్నాడు. ఆ పూట పొయ్యే వెలిగించలేదు.

తర్వాత మెట్రో పనుల్లో హోటల్ ముందు గది పోయింది, దాంతో బోర్డూ పోయింది. పిల్లలు తిండి ఫోన్లలో తెప్పించుకోవడం నేర్చారు. ఆమె వెనక గదిలోనే, వచ్చినవాళ్ళకే, చివరిదాకా వండింది. బోర్డు మళ్ళీ పెట్టిద్దామంటే, "పేరు గుండిగ మీదుంది కదమ్మా" అనేది.

పెద్దకర్మ నాడు పాత హాస్టల్ పిల్లలు చాలామంది వచ్చారు. ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాలు. ఒక్కరూ తమ పేరు చెప్పలేదు. "నేను సూర్యాపేట", "నేను తుని" అని పరిచయం చేసుకున్నారు. భీమిలి తమ్ముడు కూడా వచ్చాడు. ఆయనకిప్పుడు అక్కడొక రిసార్టు ఉందట. పెద్ద గుండిగను చూసి, "ఇది మా గుమ్మంలో పెట్టి, నీళ్ళుపోసి పూలేస్తే పాతకాలం కళ వస్తాది. పట్టుకెళ్తాను" అన్నాడు.

"ముందుగాల ఇయ్యాల అన్నం వండనియ్యుండ్రి. అయినంక మాట్లాడుదాం" అన్నాడు మా అన్న.

తమ్ముడు వంగి అక్షరాలు చదివాడు. రెండో వరుస దగ్గర వేలు ఆగింది. ఎప్పుడు చెక్కించిందని అడిగాడు. చెప్పాను. ఆయన చొక్కా చేతులు మడిచి, "తెడ్డు ఎక్కడుంది?" అన్నాడు. గుండిగ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వీధిలో మా అన్న ముందు ఇసుక పరిచాడు, దాని మీద రాళ్ళు పెట్టాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని గుండిగ ఎక్కించారు. తోమి తోమి 'భీమిలి' అరిగిపోయింది, 'దిల్‌సుఖ్‌నగర్' ఇంకా వేలికి గరుకుగా తగులుతోంది. మంట పెట్టే ముందు మా అన్న ఒకసారి వెనక్కి జరిగి చూసి, మళ్ళీ దగ్గరికొచ్చి గుండిగను కొంచెం తిప్పాడు, పేరు రోడ్డు వైపుకు వచ్చేలా.