ఎరియాబు వెనక వరస

ఎన్నికల్లో గెలిపించమని దేవుడికి మొక్కుకునేవాళ్ళకు ఏ దేశంలోనూ కొదవలేదు. ఓడించమని మొక్కుకున్నవాడు కివున్యా జోన్‌లో ఒక్కడే ఉన్నాడు. అతని పేరు ఎరియాబు సెబ్బోవా.

అతను బొగ్గుల కుంపట్లు చేసేవాడు. పాత ఇనుప డ్రమ్ములు కోసి, సుత్తితో వంచి, లోపల బంకమట్టి మెత్తి, ఇంటి ముందు వసారాలో వరసగా పేర్చి అమ్మేవాడు. కంపాలా కొండల మీద గ్యాసు పొయ్యిలు వెలుగుతాయి, కొండల మధ్య పల్లాల్లో ఎరియాబు కుంపట్లు రాజుకుంటాయి. అలాంటి పల్లపు వీధుల్లో ఒకటి కివున్యా జోన్, దానికి అతనే ఛైర్మన్. జీతం లేని పదవి. ఒక రబ్బరు ముద్ర, ఒక సిరా దిండు, అంతే దాని ఆస్తి. పాస్‌పోర్టు కావాలన్నా, పిల్లని బళ్ళో వేయాలన్నా, పోలీసుల దగ్గర మొగుణ్ణి విడిపించుకోవాలన్నా "ఇతను మా వీధివాడే" అని ఛైర్మన్ ముద్ర పడాలి. కొన్నేళ్ళకే కదా అని ఒకప్పుడు అందరూ కలిసి అతన్ని ఎన్నుకున్నారు. తర్వాత ప్రభుత్వం వీధి ఎన్నికలు జరపడమే మానేసింది. ఒక ఏడు డబ్బు లేదంది, ఒక ఏడు చట్టం సరిగా లేదంది. పదిహేనేళ్ళు దాటిపోయాయి. దిగిపోతానంటే, ముద్ర ఎవరి చేతిలో పెట్టాలో చెప్పే దిక్కు లేదు. నల్లజుట్టుతో ఎక్కిన పదవిలోనే అతని తల నెరిసింది.

అయినా అతని కాళ్ళు కట్టేసింది పదవి కాదు, రోడ్డు.

వాన పడితే కొండ మీది నీళ్ళన్నీ ఆ వీధికే. మొరం కొట్టుకుపోయి నడి వీధిలో గాడి పడేది. నొప్పులొచ్చిన మనిషిని ఏ బండీ ఎక్కించుకోక, తలుపు ఊడదీసి దాని మీద మోసుకెళ్ళిన రోజులున్నాయి. ఏటేటా బడ్జెట్ కాలం రాగానే వీధి మీటింగు పెట్టేవారు. అందరూ చేతులెత్తి "రోడ్డు" అనేవారు. ఎరియాబు ఆ మాటని పేట మీటింగుకి మోసేవాడు. అక్కడి నుంచి అది డివిజన్ ఆఫీసుకి, ఆ పైన నగర మండలికి పోయేది. పైకి పోయేకొద్దీ వీధులు పెరుగుతాయి, డబ్బు తరుగుతుంది. పెద్ద రోడ్లకు అప్పిచ్చేవాళ్ళు సముద్రాల అవతలి నుంచి కూడా వస్తారు, మంత్రుల కార్లు తిరిగేది వాటి మీదే కదా. సందులకు మిగిలేది పెట్రోలు పన్నులోంచి విదిల్చిన చిల్లర. ఆ చిల్లర కోసం ఊళ్ళోని వీధులన్నీ జాబితాలో ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి.

చివరికి ఒక ఏడు కివున్యా పేరు జాబితా పైకి వచ్చింది. ఇంజినీరు బూట్లకి బురద అంటకుండా గట్టు మీదే నిలబడి మాట్లాడాడు.

"రోడ్డుకి డబ్బుంది, స్థలానికి లేదు. రెండు వైపులా తలా కాస్త వదులుకోండి. పరిహారం అడగబోమని సంతకాలు పెట్టండి. ఒక్కరు కాదన్నా ఈ డబ్బు పక్క వీధికి పోతుంది."

ఆ వీధిలో హద్దుకి రాయి పాతరు, హద్దుమొక్క నాటుతారు. తాత నాటిన మొక్కని పీకడమంటే తాతని గోతిలోంచి పీకడమే. ఎరియాబు అందరూ చూస్తుండగా ముందు తన మొక్క పీకాడు. తన వసారా రేకుల్ని తన రంపంతోనే కోసుకున్నాడు. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు. ఆఖరిదాకా మొండికేసింది పంది మాంసం వేయించి అమ్మే నక్కాజీ. ఆమె నోటికి భయపడే జనం ఆ కొట్టులో బేరం ఆడేవాళ్ళు కాదు.

"ఛైర్మన్ గారూ, ముందు గోడ పోతే నేను మూకుడు ఎక్కడ పెట్టుకోవాలి? మీ నెత్తి మీదా?"

"తారు రోడ్డు పడనీ. కార్లు ఆపుకుని మరీ తింటారు నీ దగ్గర."

"కార్లలో వచ్చే దొరలు ఈ మురుగు కాలవ పక్కన కూర్చుంటారా?"

"కాలవకి మూతలు కూడా వేస్తారమ్మా."

"ఎవరన్నారు?"

"ఇంజినీరు."

"ఇంజినీరెవరో నాకు తెలీదు. మీరు తెలుసు. మీరు చెప్తున్నారా?"

అక్కడ దొరికిపోయాడు. "నేనే చెప్తున్నాను," అన్నాడు.

నక్కాజీ సంతకం పెట్టింది. ఎరియాబు పక్కన ముద్ర కొట్టాడు. ఆ వారమే వీధికి రెండు వైపులా గోడలు కూలాయి.

తర్వాత జరిగింది ఆ ఊళ్ళో కొత్తేమీ కాదు. కాంట్రాక్టరు మనుషులు వచ్చి మేకులు కొట్టి, సున్నం గీతలు గీసి, ఒక లారీ మొరం దింపి వెళ్ళారు. కాంట్రాక్టు దక్కని ఇంకొకడు ఫిర్యాదు పెట్టాడు. విచారణ నడుస్తుండగానే జూన్ నెల వెళ్ళిపోయింది. జూన్‌తో బడ్జెట్ సంవత్సరం అయిపోతుంది, ఖర్చు కాని సొమ్ము ఖజానాకి తిరిగి పోతుంది. ఎరియాబు డివిజన్ ఆఫీసుకి పరిగెత్తాడు.

గుమస్తా తల ఎత్తకుండా చెప్పాడు. "కిందటేడు డబ్బు కిందటేడుతోనే పోయింది. ఈ ఏడు వేరే వీధుల వంతు. కంగారు పడకండి, జాబితాలో మీ పేరుంది."

"మరి మా గోడలు?"

"గోడలు మా లెక్కలోకి రావు సార్. మీరు ఇష్టపడి ఇచ్చినవి."

అప్పటి నుంచి వీధంతా ముక్కు కోసేసిన మొహంలా తయారైంది. సగం గదులు వీధిలోకి నోరు తెరుచుకుని ఉండేవి. నక్కాజీ గోడ ఉన్నచోట గోనె పట్టా కట్టుకుంది. ఎరియాబు బయటికి అడుగు పెడితే చాలు, ఎవరో ఒకరు అందుకునేవారు. "ఛైర్మన్ గారూ, తారు వాసన వస్తోంది, మీకూ వస్తోందా?" "రోడ్డు పక్కకి జరగండర్రా, కార్లొస్తున్నాయి!" అతను నవ్వేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. ముద్ర జేబులో వేసుకుని ఓ వారగా నడిచిపోయేవాడు. గోడ చాటున నక్కి పోదామంటే ఆ వీధిలో గోడలు లేవు.

భార్యని అందరూ నాలోంగో అనేవారు, కవలల తల్లి అని. ఆమె ఈ మాటలు పడలేక పుట్టింటి ఊరు మిత్యానా వెళ్ళిపోయింది. అన్న ఇచ్చిన చెలకలో కాఫీ మొక్కలు వేసింది. రోడ్డు పనవగానే వస్తానన్నాడు ఎరియాబు. రోడ్డు పని కాలేదు. ముద్ర దింపగానే వస్తానన్నాడు. ముద్ర దిగలేదు. కాఫీ మాత్రం కాపుకొచ్చింది.

"ఈ కోతకి రాకపోతే ఇక రావద్దు," అంది ఫోన్‌లో. "ఇంట్లో మీ చోటు బస్తాలకిచ్చేస్తాను."

సరిగ్గా అప్పుడే రేడియోలో ఎన్నికల కబురు వచ్చింది. వీధి ఎన్నికలకి డబ్బాలూ చీటీలూ ఉండవు. అభ్యర్థులు పక్కపక్కన నిలబడతారు, ఎవరికి ఇష్టమైనవాడి వెనక వాళ్ళు వరస కడతారు, పొడుగు వరస గెలుస్తుంది. అద్దె మోటార్‌సైకిళ్ళ స్టాండులో పెత్తనం చేసే ముసిసి అప్పటికే కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

"పెద్దాయనా, మీరు నిలబడటం లేదుగా?" అని అడిగాడు.

ఎరియాబు ఆ రాత్రంతా ఆలోచించాడు. నిలబడకపోతే పారిపోయాడంటారు. మిత్యానా దాకా ఆ మాట వెంటపడుతుంది. నిలబడి ఓడితే? వీధంతా చూస్తుండగా, వీధే స్వయంగా పొమ్మన్నట్టు. ఓడినవాణ్ణి గోడ కట్టమని ఎవరూ అడగరు. వెనక ఒక్కడు కూడా నిలబడకుండా చూడు దేవుడా అని ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు. అభ్యర్థుల పేర్లు చెప్పే రోజున నక్కాజీ లేచి "ఎరియాబు సెబ్బోవా" అంటే, వేళాకోళానికే అందనుకున్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాడు.

పోలింగు నాడు గుడ్డలు మూట కట్టుకుని, తలుపు పక్కన పెట్టి మరీ వచ్చాడు. బడి మైదానంలో అధికారికి ముద్ర అప్పగించేసరికి వీపు మీది బస్తా దిగినట్టయింది.

"అభ్యర్థులు ముందుకే చూడాలి. వెనక్కి తిరిగి ఎవర్నీ మొహమాటపెట్టకూడదు," అన్నాడు అధికారి.

ఎరియాబు ఎదురుగా ఉన్న చెత్తకుప్పని, దాని మీద ముసలి గుమస్తాల్లా నిలబడ్డ బోడితల కొంగల్ని చూస్తూ నిలబడ్డాడు. ఈల మోగింది. అడుగుల చప్పుడు కుడివైపు పోతుందని చెవులు రిక్కించాడు, ముసిసి అటే ఉన్నాడు. అడుగులు కుడివైపు పోలేదు. ముందు వేగిన కొవ్వు వాసన వచ్చింది. ఆ వాసన సరిగ్గా అతని వీపు వెనక ఆగింది.

"నక్కాజీ, ముసిసి అటున్నాడు," అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు కళ్ళున్నాయి."

"రోజూ నన్ను తిడుతూనే ఉన్నావుగా!"

"రేపూ తిడతాను. మీరు మిత్యానా చెక్కేస్తే ఎవర్ని తిట్టను? ఆ ముసిసిగాణ్ణా? రోడ్డేదిరా అంటే, అది పాత ఛైర్మన్ ఇచ్చిన మాట, నాకేం తెలుసంటాడు. డివిజన్ వాళ్ళకి కావలసిందీ అదే. ఆ కాగితాల మీదున్నది మీ ముద్ర. మీరు దిగిపోతే జాబితాలో మళ్ళీ తోకకి పోతాం."

"అలాంటిదేం లేదే! ముద్ర వీధిది, నాది కాదు. ఎవడొచ్చినా మన వంతు మనకుంటుంది."

"మీరు చెప్తున్నారా?"

వెనక అడుగులు వస్తూనే ఉన్నాయి. దగ్గులూ, చంటిపిల్లల ఏడుపులూ, చేతికర్ర చప్పుడూ ఒకదాని వెనక ఒకటి చేరుతున్నాయి. గోడ పోయిన ప్రతి ఇల్లూ వచ్చి అతని వీపుకి ఆనుకుంటోంది. పక్కకి ఒక్క అడుగు వేస్తే వరస చెదిరిపోతుందన్న ఆశతో కాలు ఎత్తాడు.

"కదలకండి సార్, లెక్క తప్పుతుంది!" అని అరిచాడు అధికారి.

కాలు దింపాడు.

లెక్క అయ్యాక ముసిసి వచ్చి చెయ్యి కలిపాడు. "అదృష్టవంతులు పెద్దాయనా! నా స్టాండు కుర్రాళ్ళని కూడా వాళ్ళ అమ్మలు చెవి పట్టుకుని మీ వెనక్కి లాక్కెళ్ళారు." వాడి మొహంలో ఓడిన బాధ పెద్దగా కనపడలేదు.

అధికారి ముద్రని తిరిగి అతని చేతిలో పెట్టాడు. పొద్దున తనే గుడ్డతో తుడిచి ఇచ్చినది. ఇంటికి చేరేసరికి నక్కాజీ గుమ్మంలో కూర్చుని ఉంది. మూట వైపు ఒక చూపు చూసి, చెల్లెలి కొడుకుని బళ్ళో వేయాలి, ఉత్తరం రాసి ముద్ర కొట్టమంది. కొట్టించుకుని, "మూతలు మర్చిపోకండి, కాలవకి," అని చెప్పి వెళ్ళింది.

కాసేపటికి ఫోను మోగింది.

"ఓడారా?" అంది నాలోంగో.

"లేదు."

అవతల కోళ్ళ అరుపు వినపడింది.

"సరే. కాఫీ గింజలు నేనే ఎండబెట్టుకుంటాను. మీరు మీ రోడ్డు ఎండబెట్టుకోండి," అని పెట్టేసింది.

కొండ మీద ఉరిమింది. మొదటి చినుకులు కుంపట్ల మీద టపటపా పడ్డాయి. ఎరియాబు మూటని కాలితో పక్కకి నెట్టి, కుంపట్లను ఒక్కొక్కటే లోపలికి మోయడం మొదలుపెట్టాడు. వసారా ఉన్న రోజుల్లో వానకి వాటిని కదిలించే పని ఉండేది కాదు.