లైన్‌లో నేను నేర్పిన తప్పు

"సార్, నా చేతులు ఎక్కడున్నాయండీ?"

ఆదివారం పొద్దున ఏడున్నర. పుప్పాలగూడలో మా స్కూలు గ్రౌండ్ మధ్యలో వెల్లకిలా పడి ఉన్న మనిషి నన్ను అడిగిన మాట అది. అతని చేతులు రెండూ పక్కనే మట్టిలో ఉన్నాయి, గ్లవ్స్‌తో సహా. నాకు కనిపిస్తున్నాయి. అతనికే తెలియడం లేదు.

నేను ఆ స్కూల్లో పీఈటీని. కుర్రతనంలో కబడ్డీ ఆడాను. జిల్లా జట్టులో కార్నర్‌లో నిలబడి, కూతకొచ్చినవాడి కాలు పట్టడం నా పని. అమెరికన్ ఫుట్‌బాల్ అనే ఆట ఒకటుందని నలభై దాటేదాకా వినలేదు. తొమ్మిదేళ్ల కింద హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కొందరు ఆదివారాలు మా గ్రౌండ్ అడిగి తీసుకుని, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడటం మొదలుపెట్టారు. గేటు తాళాలు నా దగ్గరే కాబట్టి గట్టు మీద కూర్చుని చూసేవాణ్ని.

బంతి విసిరేవాడు ఒకడు ఉంటాడు. అతని ముందు బరువైన మనుషులు ఐదుగురు వరసగా నిలబడతారు. దాన్ని లైన్ అంటారు. ఎదుటి జట్టువాళ్లు విసిరేవాడి మీదికి రాకుండా ఒంటితో ఆపడమే ఆ ఐదుగురి పని. బంతితో పరుగెత్తే వంతు వాళ్లకు రాదు, చప్పట్లూ రావు. ఆ రోజుల్లో ఈ ఐదుగురూ ఒక్క తోపుకే వెనక్కి పడిపోతుంటే నాకు ఆగలేదు.

"అరె, గట్ల నిటారుగ నిలబడితే ఎట్ల? నడుము దించుర్రి. కాళ్లు ఎడం చేయుర్రి," అని లేచి వెళ్లాను.

అంతే. మరుసటి వారానికి నేను వాళ్ల లైన్ కోచ్‌ని. పగలంతా కుర్చీలకు అతుక్కుపోయి, నడుం నొప్పి అంటూ వచ్చినవాళ్లను గోడల్లా నిలబెట్టాను. ఉద్యోగాలు మారి కొందరు పోయేవాళ్లు, కొత్తవాళ్లు వచ్చేవాళ్లు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తూ పోయాయి. లైన్ మాత్రం నాదే. బయటి జట్లవాళ్లు "మీ లైన్ దాటడం కష్టం" అంటే, ఆ మాట ఇంటికి తీసుకెళ్లి నా భార్యకు రెండేసి సార్లు చెప్పేవాణ్ని.

పడిపోయిన మనిషి ఆ వరసలో నడిమివాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుండేవాడు. మనిషి భారీ, మాట మెత్తన. నాలుగేళ్లుగా ఒక్క ఆదివారం మానలేదు. ఆ రోజు ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి గుద్దించే ప్రాక్టీసు. "తల దించు! దించి గుద్దు!" అని అరిచాను. అతను దించాడు. హెల్మెట్ నడినెత్తి ఎదుటివాడి ఛాతీకి తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మోకాళ్లు మడతపడి, పక్కకు ఒరిగి, వెల్లకిలా అయిపోయాడు.

నేను పరుగెత్తి, లేపుదామని హెల్మెట్ మీద చేయి వేశాను.

"ముట్టుకోకండి! సార్, తల కదపకండి!"

అతని భార్య. ఫిజియోథెరపిస్టు. అతనితోపాటు వచ్చి, ఆట అయ్యేదాకా గ్రౌండ్ చుట్టూ నడుస్తుండేది. చెప్పులు ఎక్కడో వదిలేసి వచ్చింది. మట్టిలో బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి, హెల్మెట్‌ని రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. అంబులెన్సు వచ్చేదాకా ఆ చేతులు కదల్లేదు. "పైకి చూడు. ఆకాశమే చూడు. నాతో మాట్లాడుతూ ఉండు," అని అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. నేను పక్కన నిలబడి ఉన్నాను. నా మెడలో విజిల్ ఊగుతోంది. దాన్ని తీసి జేబులో పెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

దవాఖానలో మధ్యాహ్నానికి స్కాన్ వచ్చింది. డాక్టరు బయటికి వచ్చి, దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు. చూపించమన్నాడు. నేను కారిడార్‌లో వంగి, తల దించి చూపించాను.

"మెడ మామూలుగా కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపే దెబ్బను తట్టుకుంటుంది," అన్నాడాయన. "తల దించితే వంపు పోయి ఎముకలన్నీ కట్టెలా నిటారుగా అవుతాయి. ఇక దెబ్బంతా నేరుగా వాటి మీదికే. ఈ ఆటలో తల దించకూడదని చెప్పరా? ఎవరు నేర్పారు ఇతనికి?"

"నేనే," అన్నాను.

ఆయన స్కాన్ కాగితాలు కవరులో పెట్టాడు. అతని అదృష్టం బాగుందనీ, వెన్నుపాము తెగలేదనీ, అదిరి వాచిందనీ చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

అక్కడి బెంచీ మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఏడాదే జట్టు కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఈ ఆటలో తల పైకి పెట్టి, కళ్లు ఎదుటివాడి మీదనే ఉంచాలంటరు," అన్నాడు. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా యాదికొచ్చింది. "పదిహేనేళ్లు కబడ్డీ ఆడిన. నాకు చెప్తున్నవా?" అన్నాను. కబడ్డీలో తల దించి తొడ పక్కకు దూరితేనే పట్టు దొరుకుతుంది. నెత్తిన గట్టి హెల్మెట్ పెట్టుకుని, పరుగున వచ్చే మనిషికి నడినెత్తితో ఎదురెళ్లడం వేరని నాకు తట్టనే లేదు. కెప్టెన్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనే ఎత్తనివ్వలేదు.

సాయంత్రానికి దెబ్బ తగిలినతని కాలి బొటనవేలు కదిలింది. మర్నాటికి కాళ్లు, ఆ తర్వాత చేతులు. ఆ కబురు విని నా భార్య దండం పెట్టుకుంది. నాకు మాత్రం భయం అప్పుడు మొదలైంది. తొమ్మిదేళ్లలో ఎందరి తలలు దించాను?

ఫోను తీసి, నంబర్లు దొరికిన వాళ్లందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. "నేను తప్పు నేర్పిన. మెడ ఒకసారి చూపించుకో," అని చెప్పాను. ఒకడు నవ్వాడు. ఒకడు నన్ను తిట్టి పెట్టేశాడు. ఇప్పుడు కోకాపేటలో పనిచేసే ఒకతను అంతా విన్నాడు.

"సార్, నాకు ఎడమ చేయి తిమ్మిరెక్కుతది. ఆడుతున్నప్పటి సంది," అన్నాడు.

"అప్పుడే చెప్పలేదేంది?"

"చెప్తే లైన్ల నుంచి తీసేస్తరని."

నా లైన్‌లో ఉండాలని నా దగ్గరే నొప్పి దాచిపెట్టాడు.

మూడు వారాల తర్వాత చందానగర్‌లో, దెబ్బ తగిలినతని ఫ్లాటుకు వెళ్లాను. కొట్టినా పడదామనే వెళ్లాను. అతను మెడకు కాలర్‌తో సోఫాలో కూర్చుని ఉన్నాడు. నేను క్షమించమని నోరు తెరిచేలోపే అడిగాడు:

"నా ప్లేసులో ఎవర్ని పెట్టారండీ?"

అతని భార్య నా ముందున్న బిస్కెట్ల ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవర్నీ పెట్టలే. నేను మానేసిన," అన్నాను.

వెళ్లేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చింది. నేను బూట్లు వేసుకుంటుంటే నెమ్మదిగా అంది: "నేనూ చూశానండి. ఏడాదిగా గ్రౌండ్ చుట్టూ నడుస్తూ అందరూ తల దించి గుద్దుకోవడం చూస్తూనే ఉన్నాను. మెడలకు వైద్యం చేసే మనిషిని. చెబుదామని రెండుసార్లు గట్టు దాకా వచ్చాను కూడా. కోచ్ గారు కదా, తెలిసే చేయిస్తున్నారేమో అనుకుని వెనక్కి వెళ్లిపోయాను."

ఆ మాట నన్ను తిట్టిన ఫోన్ కన్నా ఎక్కువ కుదిపేసింది. కెప్టెన్‌కు తెలుసు. ఆమెకు తెలుసు. మా గ్రౌండ్‌లో తెలియనివాణ్ని నేనొక్కణ్నే. అందరూ నన్ను గౌరవించే ఊరుకున్నారు.

"అమ్మా, జర మీరు వచ్చి నేర్పుర్రి. నాకు గూడ," అన్నాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి, ఎన్నింటికి రావాలని అడిగింది.

ఆ ఆదివారం జట్టునంతా కూర్చోబెట్టి, నేను నిలబడి చెప్పాను: "తొమ్మిదేళ్లు తప్పు నేర్పిన. ఈమె సక్కగ చేస్తది. నేను కూడ మీతోపాటే నేర్చుకుంట." కెప్టెన్ తల తిప్పుకుని తార్రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆమె నేర్పింది చాలా చిన్న పని. గుద్దేవాడికి ఎదురుగా, అటుపక్క మనిషి వెనకాల నిలబడి వేళ్లు చూపిస్తుంది. గుద్దుతూనే ఎన్ని వేళ్లో అరిచి చెప్పాలి. కళ్లు పైకి లేకపోతే వేళ్లు కనబడవు, అంతే. మొదటివాడు గుద్దాడు గానీ చెప్పలేకపోయాడు. రెండోవాడు తప్పు చెప్పాడు. మూడోవాడు మెడ నిలబెట్టి, ఛాతీతో, చేతులతో ఎదుటివాణ్ని ఆపుతూ "మూడు!" అని కేక పెట్టాడు.

ఇంత సులువైన సంగతి. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

ఇప్పటికీ లైన్ నేనే చూస్తున్నాను, ఆమె ఒప్పుకున్న పద్ధతిలో. ఆమె భర్త ఇక ఆడకూడదన్నారు డాక్టర్లు. ఆఫీసుకు వెళ్తున్నాడు, బండి నడుపుతున్నాడు. కుడిచేతి చివరి రెండు వేళ్లకు మాత్రం వేడీ చల్లనా తెలియడం లేదట. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటాడు.