దోమతెరలో రీలు విప్పడం

చేపలు పట్టే రీలును మంచం మీద విప్పేవారిని చూస్తే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. దుప్పటి మడతలోకి దూరిన వాషరు ఎవరి అబ్బ సొమ్మని వారి ఉద్దేశమో తెలియదు. ఉద్యోగకాలమంతా ఉక్కు కర్మాగారం స్టోర్సులో రిజిస్టరు రాసిన నేను, విరమణ తరువాత మల్కాపురంలోని మా ఇంట్లో రీళ్ళ సర్వీసుకు కూడా ఒక రిజిస్టరు తెరిచాను. విప్పిన ప్రతి భాగానికీ వరుస సంఖ్య, పక్కన చిన్న బొమ్మ, అది ఏ వైపు తిరిగి ఉండేదో తెలిపే బాణం గుర్తు. చివర రెండు గడులు: పోయినవి, బాధ్యులు. పదకొండు సర్వీసులలో మొదటి గడిలో సున్న తప్ప మరొకటి పడలేదు.

ఆ సున్నలకు మూలం దోమతెర. ఎగిరిన స్ప్రింగు ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు కనుక, దానికి పోయే చోటే లేకుండా చేయాలి. నేల మీద తెల్ల పంచె పరిచి, పైన దోమతెర కట్టించి, అంచులను పీటలతో అదిమి, లోపల బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. పలుచని వాషర్లు గాలికి లేస్తాయి గనుక ఫ్యాను ఉండదు. చొక్కా కూడా ఉండదు.

పన్నెండవ రీలు సబ్బవరంలో ఉండే మా బావమరిదిది. అతనికున్నది అదొక్కటే. మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరమూ సముద్రపు రాళ్ళ మీదికి చేపల వేటకు పోవాలి. ఒక్క ముక్క పోయినా బంధువుల రీళ్ళన్నీ ఇకమీదట దుకాణానికే పోతాయని నవ్వుతూనే హెచ్చరించాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మిట్టమధ్యాహ్నం దోమతెరలో చెమటలు కక్కుతున్న నన్ను కిటికీలోంచి చూసి, ఎదురింటి ఆవిడ డెంగ్యూ అనుకుంది. బొప్పాయి ఆకు నూరి రసం పంపింది. మా ఆవిడ ఎంత చెప్పినా గ్లాసు వెనక్కి పోలేదు. చివరకు, రీలు కోసం వచ్చి కూర్చున్న బావమరిది తెర అంచు ఎత్తి ఆ గ్లాసు లోపలికి అందించాడు. సరిగ్గా అప్పుడే, దారాన్ని రీలు మీదికి మళ్ళించే తీగ కింది స్ప్రింగు నా వేళ్ళలోంచి ఎగిరింది.

పంచె దులిపాను. పీటలు తిరగేశాను. రసం వడగట్టాను. ముప్పై రెండు భాగాలు ఉండవలసిన చోట ముప్పై ఒకటే. తెర ఎత్తినవాడే బాధ్యుడని అతని ఎదుటే రాసి, సంతకం చేయమన్నాను. చేయనన్నాడు. చేసేది లేక, కొత్త స్ప్రింగు కొనడానికి చొక్కా తగిలించుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని, అతని స్కూటరు వెనుక కూర్చున్నాను.

వన్ టౌన్ సందులో గాలాల దుకాణం నడిపే పెద్దాయన నా బొమ్మను తీరిగ్గా చూశాడు. ఇంత వివరంగా గీసుకొచ్చే గిరాకీ లేదని మెచ్చుకున్నాడు. నేను బల్ల మీదికి వంగి స్ప్రింగు చుట్లు ఎటు తిరుగుతాయో వివరిస్తుండగా, ఆయన కళ్ళజోడు సర్దుకుని నా మోచేతి దగ్గరికి ముఖం తెచ్చాడు.

“కొత్తదెందుకు బాబూ, మీ మోసేతికి అంటుకున్నాది ఇదే గదా.”

గ్రీజులో పాతుకుని, మల్కాపురం నుంచి అక్కడిదాకా అది నాతోనే ప్రయాణం చేసింది. పొట్టి చేతుల చొక్కా కనుక దారిన పోయేవారందరికీ కనిపించే ఉంటుంది. బావమరిది బల్ల మీది రిజిస్టరును నా ముందుకు తోశాడు.

“నా పేరు కొట్టేసి, నీ పేరెట్టు బావా.”

పోయినవి అన్న గడిలో ముందుగా సున్న వేశాను. భాగం పోలేదు, సర్వీసు చేసేవారి వెంట ఊళ్ళోకి వెళ్ళింది, అంతే. అతనికిది నచ్చలేదు గాని, నిబంధనల ప్రకారం సరైనదే. ఇక రెండో గడి. దుకాణంలోని గిరాకీలు కూడా మెడలు చాచి చూస్తున్నారు. అన్యాయంగా ఒకరి పేరు రాయడం తప్పేనని ఒప్పుకుని, అతని పేరును స్కేలు పెట్టి నీటుగా కొట్టేశాను. దాని పక్కన, అందరూ చదవగలిగేంత పెద్ద అక్షరాలతో, “గ్రీజు” అని రాశాను.