అక్క చేతి కెరంగు బట్ట

మొన్న శుక్రవారం అరకు సంతలో పసుపు అమ్ముతుండగా కబురొచ్చింది, మా అక్క పోయిందని. ఏడుపొచ్చింది. దాని వెనకే, ఇక నన్నెవరూ ఆమెతో పోల్చరన్న ఆలోచనా వచ్చింది. దాచడమెందుకు, ఆమె మీద నాకు బతుకంతా కుళ్లే.

మా కొండల్లో కెరంగు అనే పొద ఉంది. దాని బెరడు ఒలిచి, ఎండబెట్టి, పీచు తీసి, నూలు వడికి ఆడవాళ్లం చారల బట్ట నేసేవాళ్లం. ఆ నేత వస్తేనే పిల్లకు పెళ్లి. అక్క నూలు వెంట్రుకలా సాగేది. నాది అడుగడుగునా ముడులే. అమ్మ నా బట్ట వెలుగుకు ఎత్తి పట్టి, ఇందులోంచి దోమలు కూడా దూరతాయని నవ్వేది. పండక్కి మాత్రం అక్క నేసిందే కట్టేది.

తొంభైల్లో మా నేత చూడ్డానికి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. పత్తి ఎరగని రోజుల్లో ఎక్కడెక్కడివాళ్లో దురద మొక్కల కాడల నుంచీ, అవిసె కాడల నుంచీ నూలు తీసేవారట. ఈజిప్టు రాజుల శవాలకు చుట్టింది అవిసె నారబట్టేనట. మీ కెరంగు వాటికి చుట్టమేనన్నాడు.

"సెట్టుకి పీచు, ఆడదానికి సేతులు ఉంటే ఏ దేశమైతే ఏటి బాబూ" అంది అక్క.

ఆయన పొంగిపోయి ఆమెకు ఫోటో తీశాడు. పక్కనే పీచు తీస్తున్న నాది మోచెయ్యి మాత్రమే అందులో పడింది. కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

తర్వాత సంతలోకి మిల్లు చీరలు చవగ్గా వచ్చాయి. ఊళ్లో అందరూ నేత మానేశారు. అక్క మానలేదు. అందుకని నేనూ మానలేదు. ఆమె పుట్టించిన కుళ్లే నా చేతికి పని నేర్పింది. ఆ రుణం ఒప్పుకోవాలి.

పోయిన ఏడు ఒక్క ముడి లేకుండా బట్ట నేశాను. మంచాన పడ్డ అక్కకు చూపించాలనే తీసుకెళ్లాను. అంచంతా వేళ్లతో తడిమింది.

"నన్ను సాగనంపినపుడు ఇదే కప్పే సెల్లీ. నాది వొద్దు."

ఆ మెప్పు కోసమే ఇన్నేళ్లూ నేశాను.

చితి మీద అదే కప్పాను. ఓ ముసలమ్మ వంగి చూసి, "ఎంత సన్నంగా నేసుకుందో సూడండి. ఆయమ్మ సేతికి సాటి లేదు" అంది. అందరూ తలలూపారు.

అది నాదని గొంతు దాకా వచ్చింది. ఈలోగా నిప్పు పెట్టారు. ముందు ఎర్ర చార అంటుకుంది, తర్వాత నీలం. అందరూ అక్క కోసం ఏడుస్తున్నారు. నేను ఏడుస్తూనే నా బట్టను చూస్తూ నిలబడ్డాను.