మొదటి సంగటి ముద్ద

నిన్న హోటల్లో రాగి సంగటి మీద నెయ్యి కరుగుతుంటే చిత్తూరులో మా కట్టెలపొయ్యి గుర్తొచ్చింది. ముద్దలో వేలితో గుంట చేసి అమ్మ నెయ్యి పోసేది. మీ అమ్మలూ అంతే కదా? మొదటి ముద్ద ఎప్పుడూ నాదే. మా వీధికి కొత్తగా వచ్చిన షమీమ్‌ను మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు మాత్రం అమ్మ దాన్ని ఆమెకు పెట్టింది. నేను మూతి ముడుచుకున్నాను.

"ఇంటికొచ్చిన బిడ్డకే ముందు పెట్టాల మే," అంది అమ్మ.

అయితే నేనూ ఒకరింటికి పోతానని లేచి, నేరుగా షమీమ్ వాళ్ళింటికే వెళ్ళాను. వాళ్ళమ్మ "రా బిడ్డా, కూచో" అని పెనం మీది మొదటి రొట్టె నాకిచ్చింది. నా వెనకే వచ్చిన షమీమ్ అది చూసి ఏడుపు అందుకుంది.

ఆ ఎండాకాలమంతా ఆమె మా ఇంట్లో తింది, నేను వాళ్ళింట్లో తిన్నాను. రోజూ ఇద్దరికీ మొదటిదే దక్కింది.