క్రాంకుకు బొట్టు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీదున్న బాబా మియా షెడ్డుకు బోర్డు లేదు. బోర్డు రాయించమని చెప్పినవాళ్లకు ఆయన జవాబు ఒకటే: "నా జాగ తెల్వనోని లారీ నాకెందుకు?" ఇంజను పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. క్లీనరుగా తిరిగిన రోజుల్లో బండి ఆగినప్పుడల్లా డ్రైవరు చెట్టు కింద పడుకునేవాడు, బాబా మియా బానెట్టు కింద దూరేవాడు. ఆ బండి తరచుగా ఆగేది కాబట్టి చదువు బాగానే సాగింది.

జంగయ్య లారీ ఆ షెడ్డుకు వచ్చింది ఎనభై ఎనిమిదిలో, బతుకమ్మ పండుగకు ముందు. మొదట పొగ వచ్చింది, దాని వెనక లారీ వచ్చింది. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో చెప్పాల్సిన మీటరు ఎప్పుడో పనిమానేసింది. ఇంజనాయిలు మాత్రం డీజిలుతో పోటీపడి తాగుతున్నది.

జంగయ్య సగం జీవితం పరాయి లారీలు నడిపి, చివరికి ఈ పాతదాన్ని సొంతం చేసుకున్నవాడు. బత్తాయి తోటలు గుత్తకు పట్టే అమరేందర్ అతనికి గట్టిగా చెప్పాడు: దసరా వెళ్లిన సోమవారం కాయ దింపుతారు, ఆ పొద్దున బండి తోట దగ్గర లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఆ కిరాయి పోతే లారీ తుక్కుకు పోతుంది, జంగయ్య మళ్లీ పరాయి లారీ ఎక్కాలి.

"కొత్త ఇంజన్ ఎక్కించే తాకతు లేదు ఉస్తాద్. గీ ఇంజన్నే ఎట్లనన్న బతికియ్యి."

బాబా మియా ఆయిలు పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. పొగ చేతిని నెట్టింది. "బోరుకొచ్చింది, సిలిండర్లు అరిగినయి. ఇప్పినంక చెప్త," అన్నాడు.

విప్పాడు. పాత పిస్టన్ రింగు ఒకటి సిలిండరులో పైభాగాన పెట్టి దాని నోరు ఎంత తెరుచుకుందో చూశాడు. కిందికి నెట్టి మళ్లీ చూశాడు. ఆ రెంటి తేడాయే అరుగుదల. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చక తప్పదు. పిస్టన్ల ఊపును తిప్పుడుగా మార్చే క్రాంకు షాఫ్టును మాత్రం సానపట్టిస్తే చాలు. వాల్వులు కొనే పని లేదు, కూర్చుని చేత్తో నూరుకోవచ్చు.

"నూనె తిరిగే జాగల పైస పెడ్దం. కండ్లకు కానొచ్చే జాగల వద్దు," అన్నాడు.

"జర రంగు గూడ ఎయ్యవా? పది మంది సూస్తరు."

"పొగ రాకుంటె ఎవడు సూడడు."

క్రాంకు హైదరాబాదు లేత్ షాపుకు పోయి అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చింది. దాని కడుపులో నూనె పారే సన్నటి దారులుంటాయి. బాబా మియా ఒక రంధ్రంలో కిరోసిన్ పోస్తే ఇంకో రంధ్రం నుంచి తేటగా వచ్చింది. ఆ దారుల చివర బిగించిన ప్లగ్గులు కదలలేదు. నీళ్లలాంటి కిరోసిన్ వస్తుంటే వాటిని కష్టపెట్టడమెందుకని వదిలేశాడు. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద క్రాంకు పెట్టి, జంగయ్యను చూస్తుండమని చెప్పి, దసరా నాటి మధ్యాహ్నం నమాజుకు వెళ్లాడు.

అప్పుడే జంగయ్య భార్య సుగుణమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని వచ్చింది. లారీ ముందు నిలబడి లోపలికి తొంగి చూసింది.

"ఇంజనే లేదు. దేనికి మొక్కాలె?"

జంగయ్య బల్ల వైపు చూపించాడు. "గదే దాని పానం."

సుగుణమ్మ క్రాంకును నిదానంగా చూసింది. మెరిసే ప్రతి గుండ్రం మీదా చిన్న రంధ్రం ఉంది. చేసినవాడెవడో బొట్టు పెట్టడానికే జాగా వదిలినట్టుంది. పసుపు చిక్కగా కలిపి ప్రతి రంధ్రంలో వేలితో ఒత్తింది. పైన కుంకుమ అద్దింది.

బాబా మియా తిరిగి వచ్చి చూశాడు. టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"కొబ్బరికాయ యాడ కొట్టినవ్ చెల్లె?"

"బయట, టైరు కాడ అన్నా."

"మంచి పని చేసినవ్."

జంగయ్యకు అనుమానం వచ్చింది. "ఏమన్న ఖరాబైందా ఉస్తాద్?"

"గా తొవ్వల్నే నూనె పోవాలె. పసుపు అడ్డం పడితె బేరింగులు ఎండుతయి. ఇంజన్ బిగుసుకపోతది."

"నేను మంచికే మొక్కిన," అంది సుగుణమ్మ.

"మొక్కుడు నీ పని, కడుగుడు నా పని. ఫికర్ చెయ్యకు."

ఎంత కడిగినా పసుపునీళ్లే వచ్చాయి. ఇక ప్లగ్గులు విప్పక తప్పలేదు. కాల్చి, కొట్టి, మళ్లీ కాల్చి మొదటిది తీశాడు. దాని వెనక పసుపు ఉంది. పసుపు వెనక నల్లటి మడ్డి, గోడకు కొట్టిన పిడకలా అతుక్కుని ఉంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. కిరోసిన్ దాని పక్క నుంచే తేటగా పారిపోయిందన్నమాట. వేడి నూనె తగిలితే ఆ మడ్డి కరిగి తిన్నగా కొత్త బేరింగుల్లోకి పోయేది.

ఆయన వేలు జంగయ్యకు చూపించాడు. "ఇది పసుపు గాదు. సానరాయి పొడి. కడిగిన్ననుకున్న గని కడగలే." తర్వాత సుగుణమ్మ వైపు తిరిగాడు. "నువ్వు బొట్టు పెట్టకపోతె మీ బండి నార్కట్‌పల్లి దాటకపోతుండె చెల్లె."

"నేను ముందుగాల్నే చెప్పిన," అంది సుగుణమ్మ.

ఆమె ముందు ఏమీ చెప్పలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ప్లగ్గులన్నీ తీసి, తీగకు గుడ్డ చుట్టి, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా దారులన్నీ తోమాడు. కొత్త ప్లగ్గులు బిగించాడు. ఆదివారం సాయంత్రానికి ఇంజను లారీలో కూర్చుంది. స్టార్టు చేయగానే జంగయ్య పొగగొట్టం వైపు పరుగెత్తాడు. బాబా మియా మాత్రం ఆయిలు ప్రెషరు ముల్లును చూస్తూ కూర్చున్నాడు. ముల్లు లేచి, నిలవాల్సిన చోట నిలిచింది.

సోమవారం పొద్దున తోట దగ్గర అమరేందర్ పూర్తి లోడు వేయించబోతే బాబా మియా లారీ దిగి అడ్డం నిలబడ్డాడు. "సగమే. రింగులు కొత్తయి, కుదురుకునేదాంక బరువు పడొద్దు."

"సగం లోడుకు సగం కిరాయే ఇస్త మరి."

"ఇయ్యి," అన్నాడు జంగయ్య, బాబా మియా నోరు తెరవకముందే.

హైదరాబాదు కొత్తపేట మార్కెట్లో కాయ దించేటప్పుడు బాబా మియా ఆయిలు కడ్డీ లాగి చూశాడు. నల్లగొండలో ఉన్నచోటే ఉంది నూనె. ఒక చుక్క వేళ్ల మధ్య నలిపాడు. నున్నగా ఉంది.

జంగయ్య కాయ వెంట వచ్చిన అమరేందర్‌తో మాట్లాడి వచ్చాడు. "బుధవారం మళ్ల రమ్మన్నడు ఉస్తాద్."

"రేపు షెడ్డుకు తీస్కరా. ఈ నూనె పారబోసి కొత్తది పొయ్యాలె," అని చెప్పి, బాబా మియా క్యాబిన్‌లో వెనక్కి వాలి నల్లగొండ దాకా నిద్రపోయాడు.