వరుసలో మొదటి చోటు

మా టీచరమ్మ ఇక లేదు. మొన్న పొద్దున నేను ఎయిర్‌పోర్టులో డ్యూటీలో ఉండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడే ఒక పెద్దాయన వచ్చి దారి అడిగాడు. ఆయనకు ఇంగ్లిషులో చెప్పి పంపించి, పక్కకు వెళ్లి ఏడ్చాను. ఆ ఇంగ్లిషు ఆమె పెట్టిన భిక్షే.

అప్పట్లో ఎయిర్‌పోర్టు కింద మా పొలం పోయింది. అక్కడే ఉద్యోగాలున్నాయన్నారు గానీ ఇంగ్లిషు రావాలట. నాకేమో తెలుగులోనే పరాయివాళ్ల ముందు నోరు పెగలదు. ఉద్యోగం రాకపోతే ఇల్లు గడవదు. శంషాబాద్‌లో మా వీధి చివర ఉండే టీచరమ్మ, రిటైరయ్యాక, మాలాంటి ఆడవాళ్లకు సాయంత్రాలు చర్చి వాకిట్లో పాఠం చెప్పేది.

పలకా లేదు, పుస్తకమూ లేదు. మనుషులనే మాటలుగా నిలబెట్టేది. ముందు 'నేను', తర్వాత 'సంచి', చివర 'తెస్తాను'. ఆ చివరి మనిషిని నేనే. అదే ఇంగ్లిషులో కావాలంటే, 'తెస్తాను' అయిన నేను నడిచి వెళ్లి ఆ ఇద్దరి నడుమ నిలబడాలి. 'పిక్', 'అప్' కలిస్తే ఎత్తుకోవడం; అలాంటి జంట మాటలకైతే ఇద్దరు చేతులు పట్టుకోవాలి. ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరు తోటికోడళ్లను ఏరికోరి జంట చేసింది, మహాతల్లి. 'సంచి' వచ్చి వాళ్ల మధ్య దూరేది.

"సంచి నడుమ దూరినా చెయ్యి ఇడవొద్దు. ఇడిస్తే అర్థమే పోతది," అనేది. వాళ్లు మొహాలు తిప్పుకునే చేతులు పట్టుకునేవాళ్లు. కొన్నాళ్లకు కలిసి కూరగాయలకు వెళ్లడం మొదలైంది.

'నేను' చోటు మాత్రం ఎవరికీ వద్దు. తెలుగులో 'పోతున్న', 'వస్తున్న' అంటే సరిపోతుంది, ఇంగ్లిషులో ముందు 'నేను' అనకపోతే కుదరదు. మా సిగ్గు చూసి ఆమే అక్కడ నిలబడేది. ఇంటర్వ్యూ ముందురోజు నన్ను భుజం పట్టి ఆ చోటికి జరిపింది.

"ముందుగాల నువ్వు నిలబడు బిడ్డా. మాటలు నీ ఎనుకనే వస్తయ్."

మర్నాడు వచ్చాయి. వంకరటింకరగానే, అయినా వచ్చాయి. ఉద్యోగమూ వచ్చింది.

నిన్న ఆమె సమాధి దగ్గర మన్ను వేయడానికి వరుసగా రమ్మన్నారు. పాఠం నేర్చుకున్న వాళ్లమంతా అనుకోకుండానే పాత చోట్లలో నిలబడిపోయాం. తోటికోడళ్లు చేతులు పట్టుకున్నారు. ముందున్న 'నేను' చోటు ఖాళీగా ఉంది. పాస్టరుగారు రమ్మని పిలిచినా ఎవరూ కదల్లేదు. ఆ చోట ఒక్కసారైనా నిలబడినదాన్ని నేనే గనక, అందరూ నా వైపు తిరిగారు.

పిడికెడు మన్ను తీసుకుని, వెళ్లి ముందు నిలబడ్డాను.